శాలువా కింద స్విచ్చి

మూత ఎగిరి వచ్చి ఇంటాయన చెప్పుల ముందు పడింది. దాంతో ఆ పోట్లాట మా మరిది గెలిచాడు. గొంతు పెంచకుండా పోట్లాట గెలిచిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు తెలిసిన గెలుపులన్నీ నోటితో గెలిచినవే.

మరిది అంటే నా చెల్లెలి మొగుడు. కార్లకి బ్యాటరీలూ వైరింగూ చూసే మేస్త్రి. కింద రేకుల షెడ్డులో పని, పైన రెండు గదుల్లో కాపురం. ఆ ఇల్లు కట్టించినాయన పక్క వాటాలోనే ఉంటాడు. నిద్రలో కూడా ఎవరికో ఆర్డరు వేస్తున్నట్టుంటుంది ఆయన గొంతు. షెడ్డులో గాజుసీసాలూ రబ్బరు గొట్టాలూ కనిపించి, బుడబుడమని చప్పుడు వినిపించేసరికి ఆయనకి అనుమానం పట్టుకుంది. ఒక ఆదివారం పొద్దున నలుగురిని పోగేసుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. చెల్లెలికి పాలగిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్తున్న నేను అక్కడే ఆగిపోయాను. అలాంటివి వదులుకునే అలవాటు నాకు లేదు.

"ఖాళీ చెయ్యవయ్యా! నీ బాంబు నువ్వెత్తుకుని ఊరి బయట పేల్చుకో!" అన్నాడు ఇంటాయన.

"బాంబు కాదండీ. నీళ్ళు."

"నీళ్ళకి వైర్లెందుకు?"

"నీళ్ళని విడగొట్టడానికండీ."

"విడగొడతావా? నీళ్ళు నిన్నేం చేశాయయ్యా పాపం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా మరిది మాత్రం లోపలికి వెళ్ళి ఆ సరంజామా అంతా ఒక బల్ల మీద పెట్టి మోసుకొచ్చాడు. ఒక గాజుసీసాలో నీళ్ళు, అందులో వరసగా నిలబెట్టిన స్టీలు పలకలు, పలకలకి బ్యాటరీ నుంచి వైర్లు. ఆ సీసా లోంచి ఒక గొట్టం రెండో సీసాలోకి, అందులో సగానికి పోసిన మంచినీళ్ళ అడుగుకి వెళ్తుంది. అక్కడినుంచి ఇంకో గొట్టం బయటికి. ఆ బయటి గొట్టం కొస సబ్బునీళ్ళ గిన్నెలో ముంచి, నురగ పొంగాక గొట్టం తీసేసి, నురగకి అగ్గిపుల్ల ముట్టించాడు. ఠాప్ మంది. వీధి కుక్క లేచి పారిపోయింది. నలుగురిలో ఇద్దరు దాని వెనకే వెళ్ళారు.

"చూశారా, నేను చెప్పలా!" అన్నాడు ఇంటాయన.

"ఇంకా అయిపోలేదండీ," అని మా మరిది ఈసారి పుల్లని నేరుగా గొట్టం కొసకే పెట్టాడు. నిప్పు గొట్టం లోపలికి పరిగెత్తింది. రెండో సీసా మీది రబ్బరు మూత టపీమని ఎగిరి ఇంటాయన చెప్పుల ముందు పడింది. మొదటి సీసా మాత్రం తనకేమీ పట్టనట్టు బుడగలు వదులుతూనే ఉంది.

"నిప్పు ఇక్కడిదాకా వస్తుంది. ఈ నీళ్ళు దాటి ఇవతలికి రాలేదు. మూత కావాలనే వదులుగా పెట్టాను, ఎగరడానికే. గాలి నిలవ కూడా పెట్టనండీ. పుట్టింది పుట్టినట్టే వాడేస్తాను."

"అది నా మొహానికి తగిలుంటే?"

"తగిలిందా?"

ఇంటాయన మొహం ఒకసారి తడిమి చూసుకున్నాడు. "లేదు."

"మరి?"

ఇంటాయన వంగి, ఆ మూత తీసి, దుమ్ము దులిపి మా మరిది చేతికిచ్చాడు. అంతే. ఆ రోజు నుంచీ వీధిలో అతని పేరు బుడగల మేస్త్రి.

నేను ఈ మనిషి గురించి రాయడానికి కూర్చున్నది ఆ గెలుపు కోసం కాదు. దాని తరవాత వచ్చిన చిక్కు కోసం. ఆ పూట గెలిచింది సీసా పేలదన్న మాట ఒక్కటే. కానీ ఆ సీసా కారుకి తగిలించి, అందులో పుట్టే గాలిని ఇంజనుకి పంపితే పెట్రోలు కలిసొస్తుందని అతను చెప్పే మాట కూడా దాంతోపాటే గెలిచేసిందని వీధంతా అనుకుంది. అన్నిటికంటే ఘోరం, అతను కూడా అనుకున్నాడు.

అతనికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్తాను. చిన్నప్పుడు పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఛార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర ఎవరో స్పానరు జారవిడిస్తే నిప్పురవ్వ లేచి బ్యాటరీ మూత పగిలి అతని కనుబొమ్మ చీరేసింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వేరే ఎవరైనా అయితే ఆ పని మానేసేవాళ్ళు. ఇతను మాత్రం, "నీళ్ళలోంచి వచ్చే ఆ కాస్త గాలికి అంత బలమా! అది రోజూ ఊరికే పోతోందా!" అనుకున్నాడట. అప్పటినుంచీ అది బుర్రలోంచి దిగలేదు. పెళ్ళి చూపుల్లో మా చెల్లెలితో మాట్లాడమంటే బ్యాటరీ గురించి మాట్లాడాడు. ఆ పిల్ల, "ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడలేదక్కా," అని ఒప్పుకుంది.

సీసాలు పేరుకున్న కొద్దీ, వాటిలో పలకలకి బదులు పెట్టడానికి పట్టుకుపోతుంటే చెల్లెలి వంటింట్లో గిన్నెల మూతలు తగ్గిపోయాయి. అన్నం గిన్నె మీద కంచం, పప్పు గిన్నె మీద ఇంకో గిన్నె, పాల మీద పీట. వాళ్ళింట్లో ఏ గిన్నెలో ఏముందో తెలుసుకోవాలంటే అన్నీ ఎత్తి చూడాలి. అక్కడ మూతలైపోయాక మా ఇంటికొచ్చాడు, చేతిలో ఒక అయస్కాంతం ముక్క పట్టుకుని. నా వంటింట్లో గిన్నెగిన్నెకీ దాన్ని తాకించి చూడటం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, నా గిన్నెలకి జ్వరం చూస్తున్నావా?"

"అయస్కాంతం అంటుకుంటే నాసిరకం వదినా. ఆ స్టీలు నీళ్ళలో పెడితే తుప్పు వదిలి నీళ్ళు కషాయంలా అవుతాయి. నీవి ఒక్కటీ అంటుకోవడం లేదు. మంచి సరుకు."

ఆ మాట నా కాపురంలో ఎవరూ అనలేదు. సంతోషం పట్టలేక నాలుగు కంచాలు ఇచ్చాను. వాటిని పలకలుగా కోసి, బోల్టులు బిగించడానికి బెజ్జాలు కొట్టాడు. తరవాత చూసి ఏడవలేదు గానీ, ఏడవాల్సినంత పనే.

ఇక కారు. ఎవరో బాగుచేయించుకోలేక షెడ్డులో వదిలేసిపోయిన పాత బండి ఒకటి అతని దగ్గరుంది. పెట్రోలు ట్యాంకు గొట్టం ఊడదీసి, బానెట్టు కింద లీటరు సీసా ఒకటి కట్టి, ఇంజనుకి దాన్నుంచే పెట్రోలు పోయేలా చేశాడు. సీసా అయిపోతే బండి ఎక్కడుంటే అక్కడ ఆగాలి. మొదటిసారి బుడగల సీసా లేకుండా ఊరి చుట్టూ పోయే రోడ్డు మీద నడిపాడు. పెయింట్ల కొట్టు ముందు ఆగింది. రెండోసారి బుడగల గాలిని ఇంజన్లోకి పంపుతూ నడిపాడు. బండి పెయింట్ల కొట్టు దాటింది, చెక్కల మిల్లు దాటింది, రైలు గేటు కూడా దాటి, సిమెంటు గొట్టాలు వరసగా పేర్చిన చోట ఆగింది.

అతను నడుచుకుంటూ ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "గేటు దాటింది," అన్నాడు.

చెల్లెలు మంచినీళ్ళిచ్చి, "బండేదీ?" అంది.

ఆ సంతోషంలో బండిని గొట్టాల దగ్గరే మర్చిపోయి వచ్చేశాడు మహానుభావుడు.

ఈ సంగతి టాక్సీ స్టాండుకి తెలిసింది. స్టాండుకి పెద్ద తలకాయ ఒకాయన ఉన్నాడు, మీసాలాయన అంటారు. ముందు తన బండికే పెట్టమని పట్టుబట్టి పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా, "నా బండి నీళ్ళు తాగి పరిగెడుతోంది!" అని స్టాండంతా చాటాడు. మిగతా డ్రైవర్లందరూ మాకూ కావాలని వచ్చారు. మా మరిది సరేనన్నాడు. మాట ఇచ్చేశాడు. అంతమంది బతుకుతెరువు బళ్ళలో తన సీసాలు పెట్టాలి.

అప్పుడు అతనికి నిద్ర పట్టడం మానేసింది. నాకు చెల్లెలు చెప్పింది. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, తాగమని ఇచ్చిన కాఫీ చల్లార్చుకుంటూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, మొహం అలా వేలాడేశావేం? నీ సీసా మాట తప్పిందా?"

"తప్పలేదు వదినా. అందుకే భయం. అది తీసుకునే కరెంటు బ్యాటరీదే కదా. బ్యాటరీని నింపేది డైనమో. డైనమోని తిప్పేది ఇంజను. ఇంజన్ని నడిపేది మళ్ళీ పెట్రోలే. అంటే ఖర్చు పెట్టించి కలిసొచ్చిందంటున్నాను. పొగలో వృథాగా పోయే పెట్రోలుని ఈ గాలి పూర్తిగా మండిస్తుంది, అందుకే కలిసొస్తోంది అనుకున్నాను. కానీ నా అంతట నేను అనుకోవడమేగా అది?"

"ఎవరు నడిపారు బండి?"

"నేనే."

"సీసా ఎవరిది?"

"నాదే."

"తక్కెడ ఎవరు పట్టుకున్నారు మరి?"

అతను నా మొహం చూశాడు. నేను చదివింది నాలుగో తరగతి. కానీ పచారీ కొట్టు నా చేతి మీదుగా నడిచింది, ఊరికే నడవలేదు. మా కొట్లో ఒక పద్ధతి ఉండేది. ముందర నిలబడి ఎవరికేం కావాలో అడిగేది నేను. వెనక తెర చాటున తూచేది మా ఆయన. పంచదార అని అరిచేదాన్ని, ఎవరికో చెప్పేదాన్ని కాదు. మనిషి మొహం చూస్తే తూచే చెయ్యి కదులుతుంది. దొంగతనం కాదది, చెయ్యి అంతే. మనకి ఇష్టమైనవాళ్ళ వైపు అదే ఒరుగుతుంది. ఆ మాటే చెప్పాను.

"తెర వెయ్యవయ్యా నీ సీసాకి. అది నడుస్తోందో లేదో నీకు తెలియకుండా నడుపు బండి."

కాఫీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. గ్లాసు నేనే కడుక్కున్నాను.

తెల్లారేసరికి బండి మా గుమ్మం ముందుంది. బుడగల సీసా స్విచ్చిని పొడుగు వైరుతో వెనక సీటు దాకా లాగాడు. కరెంటు పోతోందో లేదో చూపించే ముల్లు మీద గుడ్డ కట్టేశాడు. స్విచ్చి నా చేతికిచ్చి, దాని మీద నా శాలువా కప్పమన్నాడు. "వెయ్యి, వెయ్యకపో, నీ ఇష్టం. నాకు మాత్రం చెప్పకు. మొహంలో కూడా చూపించకు."

"నేను మాట్లాడకుండా కూర్చోవాలా?"

"అదే కష్టం, నాకూ తెలుసు," అన్నాడు.

అలా చాలా పొద్దులు తిరిగాం. వెయ్యాలా వద్దా అన్నదానికి నేనొక లెక్క పెట్టుకున్నాను. బయల్దేరే ముందు మా చెల్లెలు కాఫీ ముందు నాకిస్తే స్విచ్చి వేసేదాన్ని, మొగుడికిస్తే వేసేదాన్ని కాదు. ఆ లెక్క ఆ పిల్లకి కూడా తెలియదు. బండి ఆగిన ప్రతిసారీ అతను దిగి, పక్కనున్న సిమెంటు గొట్టం మీద సుద్దతో ఒక గీత గీసి, డిక్కీలోంచి డబ్బా తీసి పెట్రోలు పోసేవాడు. ఏ గీత ఏ రకమో నా తలలో ఉండేది. వీధివీధంతా ఏం కొన్నదో, ఏం తిరిగిచ్చిందో మోసిన తల ఇది. దానికి ఈ గీతలొక బరువా?

చివరికి ఒకరోజు బండి ఆగాక, సుద్దముక్క జేబులో వేసుకుని, "ఇక చెప్పు వదినా," అన్నాడు.

దిగి గొట్టాల వెంట నడిచాను. "ఇది వేసింది. ఇది వెయ్యనిది. ఇదీ వెయ్యనిదే. అది వేసింది." గీతలన్నీ కాస్త అటూ ఇటూగా ఒక్కచోటే గుంపుగా ఉన్నాయి. వేసినవీ వెయ్యనివీ ఇంట్లో పిల్లల చెప్పుల్లాగా కలిసిపోయాయి. అన్నిటికంటే దూరం పోయిన గీత, ఆ చివరి గొట్టం మీదిది, చూపించాను. "అది?" అన్నాడు.

"వెయ్యనిది."

అతను చివరి గొట్టం దాకా నడిచాడు. గీతని వేలితో తడిమాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. అప్పుడు నాకు అర్థం కానిది నేను అడిగాను. "మరి మొట్టమొదట పెయింట్ల కొట్టు దగ్గరే ఎందుకు చచ్చింది బండి?"

అతను తన కాలు వైపు చూసుకున్నాడు. ఎడమది కాదు, యాక్సిలరేటరు తొక్కే కుడికాలు.

"ఆ రోజు సీసా ఎప్పుడైపోతుందా, అసలు పరీక్ష ఎప్పుడు చేస్తానా అని తొందర. తొక్కి పారేశాను. బుడగలు పెట్టాక ఇంజను చప్పుడు వింటూ, పసిపిల్ల పక్కన నడిచినట్టు నడిపాను. అప్పటినుంచీ అలాగే నడుపుతున్నాను. పెట్రోలు కలిసొచ్చిన మాట నిజమే వదినా. సీసా వల్ల కాదు. నా కాలు."

గేటు పడింది. లారీలు వచ్చి వరసగా ఆగాయి. గూడ్సు బండి ఒకటి తీరిగ్గా పోయింది. నా నోట్లో మాటలు చాలా ఉన్నాయి. నా నాలుగు కంచాల సంగతి ఉంది, చెల్లెలి మూతల సంగతి ఉంది, నేను చెప్పలేదూ అన్నది ఉంది. ఒక గొట్టం మీద కూర్చుని శాలువా మడత పెట్టాను, విప్పాను, మళ్ళీ మడత పెట్టాను. ఒక్క మాట కూడా అనలేదు. గేటు ఎత్తారు. లారీలు వెళ్ళిపోయాయి. అతను ముక్కు తుడుచుకుని, "పద వదినా, ఎండెక్కింది," అన్నాడు.

ఇంటికొచ్చి చెల్లెలికి తనే చెప్పాడు. ఆ పిల్ల కుట్టుమిషను ఆపి అంతా విన్నది.

"అంటే నీ కాలు కుదురుకుందన్నమాట. అదీ మంచిదేగా. ఇదివరకు నీ బండెక్కితే నా ప్రాణం గుప్పిట్లో ఉండేది," అంది. ఆగి, "మరి నా మూతలు?" అంది.

అతను సీసాలు విప్పి మూతలు బయటికి తీశాడు. వాటిని కొయ్యలేదు గానీ ప్రతిదానికీ మధ్యలో బెజ్జం. తోమి తోమి తెచ్చిచ్చాడు. చెల్లెలు ఒకటి తీసి పొయ్యి మీది గిన్నెకి పెట్టింది. బెజ్జంలోంచి ఆవిరి సన్నగా పైకి లేచింది.

"ఇదే బాగుంది. పొంగదు," అంది. అలాంటి ఆడదాన్ని కట్టుకోవడానికి పెట్టి పుట్టాలి. నా చెల్లెలని చెప్పడం లేదు.

ఇంట్లో చెప్పినంత తేలిగ్గా స్టాండులో చెప్పలేకపోయాడు. అయినా వెళ్ళాడు. "సీసా పని చెయ్యదు. పనిచేసేది కాలు. మెల్లగా తొక్కండి, చాలు," అన్నాడు. కొందరు నవ్వారు. కొందరికి కోపం వచ్చింది. మాకివ్వడం ఇష్టం లేక, ఇంకెవరికో ఇవ్వాలని అబద్ధమాడుతున్నావన్నారు. మీసాలాయన అయితే షెడ్డుకే వచ్చాడు. నేను మెట్ల మీద బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చున్నాను.

"మేస్త్రీ, నీది పనిచెయ్యకపోతే నీ ఖర్మ. నాది చేస్తోంది. తియ్యనివ్వను."

"అది మీ కాలండీ."

"నా కాలుకేమొచ్చిందయ్యా? స్టీరింగు పట్టిన దగ్గర్నుంచీ అదే కాలు! నన్ను డ్రైవింగు రానివాడంటున్నావా?"

"అనలేదండీ. బాగా నడుపుతున్నారనే అంటున్నాను."

"ఇన్నాళ్ళూ బాగా నడపలేదనేగా దానర్థం!"

నేను బియ్యం వదిలేసి మా మరిది వైపు చూశాను. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఏదో ఒకటి మోసుకొస్తాడనుకున్నాను. కానీ పేలనిదాన్ని చూపించడానికి అగ్గిపుల్ల చాలింది. లేనిదాన్ని లేదని చూపించడానికి ఏం తేగలడు? మీసాలాయన మీసం దువ్వుకుని వెళ్ళిపోయాడు. ఆ పోట్లాట మా మరిది ఓడిపోయాడు. ఓడిపోయిన మనిషి ఎవరిదో కారు సెల్ఫు మోటారు విప్పుకుంటూ కూర్చున్నాడు, సాయంత్రం దాకా.

చీకటి పడే వేళకి మా ఇంటికొచ్చాడు. నా నాలుగు కంచాలు, అదే వాటి ముక్కలు, కడిగి గుడ్డలో చుట్టి తెచ్చాడు. ముక్కలు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా. శిక్ష పడ్డవాడిలా నిలబడ్డావేం?"

"మీసాలాయన ఇంటికి వెళ్ళొచ్చాను వదినా. ఆయన బండికి కూడా లీటరు సీసా కడతానన్నాను. ఒప్పుకున్నాడు. నేను బండి ఎక్కకూడదన్నాడు, ఎక్కితే ఏదో ఒకటి తిప్పేస్తానట. అందుకని వెనక సీట్లో నువ్వు కూర్చుంటావా?"

"నేనెందుకు? మీ ఆవిడ లేదూ?"

"దానికి జాలి. స్విచ్చి వేసిందో తీసిందో మొహం చూస్తే తెలిసిపోతుంది. నీ మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరు."

"అది పొగడ్తేనా?"

"పొగడ్తే వదినా."

"ఒకవేళ ఆయన బండిలో తేడా వస్తే?"

అతని కనుబొమ్మ మీద మచ్చ కాస్త పైకి లేచింది. అంతలోనే దిగింది. "వస్తే మాత్రం నాకు పరుగెత్తుకొచ్చి చెప్పు," అన్నాడు. "రాదు. అయినా చెప్పు."

సరేనన్నాను. అతను గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఇంకొక్కటి వదినా. గీతలన్నీ చూపించాక ఆయన కాసేపు అలాగే నిలబడిపోతాడు. అప్పుడు ఏమీ అనకు. ఆ రోజు గేటు పడ్డప్పుడు నన్నేమీ అనలేదు చూడు, అలాగే."